సాసేజ్‌లో ఉప్పు తగ్గించి ఓట్స్ కలిపితే విరిగిపోతోంది: ఎక్కడ పొరపాటు చేశాను?

ప్రశ్న: చిన్న వంటశాల, హనుమకొండ

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలో మా ఇంటి వెనుక గదిలో రెండేళ్లుగా చికెన్ సాసేజ్‌లు తయారుచేసి, చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లకూ రెండు బేకరీలకూ అమ్ముతున్నాను. వారానికి 30 కిలోలకు మించని వ్యాపారం. మా అత్తగారికి రక్తపోటు పెరిగినప్పుడు, ఇంట్లో ఉప్పు ఎక్కడెక్కడి నుంచి ఒంట్లోకి చేరుతోందో ఒక కాగితం మీద రాసుకురమ్మని డాక్టరు గారు చెప్పారు. ఆ కాగితంలో ఆవకాయ, అప్పడాల కింద నా సాసేజ్ పేరు కూడా చేరేసరికి నాకు తల కొట్టేసినట్లయింది. పిల్లల టిఫిన్ డబ్బాల కోసం కొనే తల్లులు కూడా ఈ మధ్య ఉప్పు సంగతే అడుగుతున్నారు.

10 కిలోల మిశ్రమానికి నా పాత కొలతలు ఇవి: చర్మం తీసిన లెగ్ మాంసం కీమా 7 కిలోలు, నూనె ఒక కిలో, ఐస్ ఒక కిలో, మైదా 350 గ్రాములు, ఉప్పు 175 గ్రాములు, రంగు కోసం వాడే గులాబీ క్యూరింగ్ మిశ్రమం 25 గ్రాములు, నీరు పట్టి ఉంచడానికి వేసే ఫాస్ఫేట్ 40 గ్రాములు, మిగిలింది మసాలాలు, ఉల్లి, అల్లం, వెల్లుల్లి ముద్ద. పోయిన నెల ధైర్యం చేసి ఉప్పును 105 గ్రాములకూ, క్యూరింగ్ మిశ్రమాన్ని 15 గ్రాములకూ తగ్గించి, మైదా పూర్తిగా మానేసి, పీచు పెరుగుతుందని దాని బదులు 500 గ్రాముల ఓట్స్ పొడి వేశాను. ఆవిరి మీద ఉడికించాక ట్రేలో నీళ్లు నిలిచాయి. చల్లారాక చాకు పెడితే చక్రాలుగా తెగకుండా పొడిపొడిగా రాలింది. ప్యాకెట్ లోపల నూనె తేలింది. ఉడికించక ముందు 10 కిలోలున్న సరుకు తర్వాత 8 కిలోల 100 గ్రాములే తూగింది. మా వారు ఒక ముక్క నోట్లో వేసుకుని, ఉప్మాలో చికెన్ కలిపినట్లుందన్నారు.

ఉప్పు ఎంతవరకు తగ్గించవచ్చు? పీచు కోసం ఏది వాడాలి? సైంధవ లవణంతో చేస్తే ఉప్పు సమస్యే ఉండదని ఒక కస్టమరు చెప్పారు, అది నిజమేనా? చివరిగా, ఇవన్నీ కుదిరితే ప్యాకెట్ మీద ‘ఆరోగ్యకరమైన సాసేజ్’ అని వేసుకోవచ్చా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: విశ్రాంత మాంస సాంకేతికుడు, ఉప్పల్

అమ్మా, మీరు కొలతలు గ్రాములతో సహా రాశారు కాబట్టి జవాబు చెప్పడం సులువైంది. మీ మిశ్రమం ఓట్స్ వల్ల చెడలేదు. ఉప్పు చేయవలసిన పని పూర్తికాకముందే ఓట్స్ వచ్చి నీటిని లాగేసుకోవడం వల్ల చెడింది.

సాసేజ్‌లో ఉప్పు రుచి కోసమే ఉందనుకుంటే లెక్క మొదట్లోనే తప్పుతుంది. మాంసపు ముక్కలను ఒకదానికొకటి అతికించేది మయోసిన్ అనే ప్రోటీన్. అది మంచినీటిలో కరగదు, తగినంత గాఢత ఉన్న ఉప్పునీటిలోనే కరిగి బయటికి వస్తుంది. అలా వచ్చిన ప్రోటీన్ నూనె బిందువుల చుట్టూ పొరలా పట్టి, వేడి తగిలినప్పుడు వలలాగా గట్టిపడి నీటినీ కొవ్వునూ లోపలే నిలుపుతుంది. మామూలు సాసేజ్‌లో ఉప్పు 2 శాతం ప్రాంతంలో ఉండడానికి అసలు కారణం ఇదే. పనితనం బాగుంటే 1.4 శాతం వరకు దిగవచ్చు. మీరు క్యూరింగ్ మిశ్రమంతో (అదీ చాలావరకు ఉప్పే) కలిపి ఒకేసారి 2 నుంచి 1.2 శాతానికి దిగారు, పైగా పొడి పదార్థాన్ని పెంచారు.

ముందు కలిపే వరుస మార్చండి. బాగా చల్లబరిచిన కీమాలో మొత్తం ఉప్పు, ఫాస్ఫేట్, సగం ఐస్ మాత్రమే వేసి తిప్పండి. నూనె, పీచు, మసాలా ఏదీ అప్పుడే వేయకండి. కీమా మెరుపు తేలి, చేతికి బంకలాగా అంటుకోవాలి. గుప్పెడు ముద్దను అరచేతికి అద్ది చేతిని బోర్లించి చూడండి. ముద్ద కింద పడకుండా అతుక్కుని ఉంటే ప్రోటీన్ బయటికి వచ్చినట్లు. ఆ తర్వాతే నూనెను సన్నని ధారగా పోస్తూ, ముందే నీళ్లలో నానబెట్టిన పీచునూ మిగిలిన ఐస్‌నూ చివరికి కలపాలి. మిశ్రమం వేడి 12 డిగ్రీలు దాటకూడదు. మన ఎండాకాలంలో గిన్నె, బ్లేడు కూడా ముందు రాత్రే ఫ్రీజర్‌లో పెట్టుకుంటే తప్ప ఇది సాధ్యం కాదు. వీలుంటే ముందు రోజే కీమాకు ఉప్పు పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. తక్కువ ఉప్పుతో ఎక్కువ ప్రోటీన్ రాబట్టడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే చవకైన ఉపాయం లేదు.

ఇప్పుడు సోడియం లెక్క, ఉప్పులో రక్తపోటును పెంచేది అదే. ఒక గ్రాము ఉప్పులో సోడియం 0.39 గ్రాములు. అంటే మీ పాత 200 గ్రాములలో సుమారు 79 గ్రాములుంది. చాలామంది ఇక్కడితో లెక్క ఆపేస్తారు. మీ ఫాస్ఫేట్ సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ అయితే దాని బరువులో దాదాపు 31 శాతం సోడియమే. కాబట్టి 40 గ్రాములలో 12 గ్రాములకు పైగా ఉంది, అది 30 గ్రాముల ఉప్పు వేసినదానితో సమానం. మాంసంలో సహజంగా ఉన్న 5 గ్రాములను కూడా కలిపితే 10 కిలోలకు 96 గ్రాములు, అంటే 100 గ్రాముల సాసేజ్‌కు 960 మిల్లీగ్రాములు. ఉప్పును మొత్తం మీద 140 గ్రాములకూ, ఫాస్ఫేట్‌ను 20 గ్రాములకూ తగ్గిస్తే అది 660 ప్రాంతానికి వస్తుంది. మూడో వంతుకు కొంచెం తక్కువగా తగ్గినట్లు. ఒకేసారి దూకకుండా 170, 150, 140 అని మెట్లుగా దిగండి. ఇంకా తగ్గించాలనుకుంటే ఉప్పు రుచినిచ్చే, సోడియం లేని పొటాషియం క్లోరైడ్ 30 గ్రాములు వాడవచ్చు. అంతకు మించితే నాలుక చివర చేదుగా, లోహపు రుచి తగులుతుంది.

సైంధవ లవణం మాట నిజం కాదు. అది కూడా దాదాపు పూర్తిగా సోడియం క్లోరైడే, రంగు ఒక్కటే వేరు. ఇందులో ఇంకొక ప్రమాదం కూడా ఉంది. మీ క్యూరింగ్ మిశ్రమం నైట్రైట్ కలిసిన ఉప్పు, పొరపాటున వంటలో వాడకుండా దానికి కావాలనే గులాబీ రంగు వేస్తారు. సైంధవ లవణమూ గులాబీ రంగులోనే ఉంటుంది. ఆ రెండు డబ్బాలూ ఒకే అలమారలో ఉండకూడదు. పనివారికి అక్షరాలు చదవడం రాకపోతే ఒక దానికి తాళం వేయండి. నైట్రైట్‌ను ఉప్పుతో పాటు దామాషాలో తగ్గించడం కూడా సరికాదు, ఎందుకంటే దాని పని (గాలి లేని చోట పెరిగే విషక్రిములను ఆపడం, రంగు నిలపడం) వేరు, కొలత వేరు. మీరు వాక్యూమ్ ప్యాకెట్లను ఫ్రిజ్‌లో రోజుల తరబడి ఉంచి అమ్ముతుంటే, ఉప్పు తగ్గించిన తర్వాత ఆ పద్ధతి మానుకోండి. మిశ్రమంలోని నీటికి ఉప్పు గాఢత తగ్గినకొద్దీ గాలి లేని ప్యాకెట్‌లో పెరిగే క్రిములకు అడ్డు తగ్గుతుంది. మధ్య భాగం 75 డిగ్రీలకు చేరేలా ఉడికించి, వెంటనే చల్లార్చి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లోకి మార్చండి. అలా గడ్డకట్టించి అమ్మే సరుకుకు నైట్రైట్ లేకుండానే చేయవచ్చు. రంగు గులాబీగా కాక ఇంట్లో ఉడికించిన చికెన్ రంగులో ఉంటుంది, అంతే.

పీచు గురించి ఒక్క మాట. మీ 500 గ్రాముల ఓట్స్‌లో పీచు 50 గ్రాములే, మిగిలినదంతా చాలావరకు పిండిపదార్థం. అంటే 100 గ్రాముల సాసేజ్‌కు చేరింది అర గ్రాము. పిండి వేరు, పీచు వేరు. శుద్ధిచేసిన గోధుమ పీచో ఓట్ పీచో దొరికితే దానిలో 90 శాతానికి పైగా పీచే ఉంటుంది. 200 గ్రాములు తీసుకుని 800 గ్రాముల చల్లని నీటిలో అరగంట నానబెట్టి కలపండి, ఆ నీటిని ఐస్ లెక్కలోంచి తీసివేయండి. 3 శాతం దాటితే నోట్లో రంపపు పొట్టు నమిలినట్లుంటుంది. ఇసబ్గోలు ఒక శాతం వరకు పరవాలేదు, మించితే జారుడు వస్తుంది. చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థలో చిన్న తయారీదారులకు శిక్షణ ఇస్తారు. హనుమకొండ నుంచి ఎంతో దూరం కాదు, ఒకసారి వెళ్లి చూడండి.

జవాబు: ఆహార నిపుణురాలు, విజయవాడ

పై జవాబులోని సాంకేతిక విషయాలన్నిటితోనూ ఏకీభవిస్తున్నాను, పొటాషియం క్లోరైడ్‌తో తప్ప. 30 గ్రాములు వేస్తే 100 గ్రాముల సాసేజ్‌లో చేరే పొటాషియం 160 మిల్లీగ్రాముల లోపే, ఆరోగ్యంగా ఉన్నవారికి అది ఒక అరటిపండులో ఉన్నదానికంటే చాలా తక్కువ. అయితే కిడ్నీ జబ్బున్నవారికీ, రక్తపోటుకు కొన్ని రకాల మందులు వాడేవారికీ పొటాషియం విషయంలో జాగ్రత్త అవసరం. ఉప్పు తక్కువని ముచ్చటపడి కొనేవారిలో వాళ్లే ఎక్కువమంది ఉంటారన్నది ఇక్కడి చిక్కు. పొటాషియం కలిసిన ఉప్పు గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకం కూడా దానిని పెద్దలకు సూచిస్తూనే పిల్లలనూ, గర్భిణులనూ, కిడ్నీ సమస్య ఉన్నవారినీ మినహాయించింది. అది ఇళ్లలో వాడుకునే ఉప్పుకు సంబంధించిన మాటే అయినా, మీ సరుకు వెళ్లేది టిఫిన్ డబ్బాలలోకి కాబట్టి నేనైతే దాని జోలికి పోను. మిరియాలు, వెల్లుల్లి, ఎండబెట్టిన పుట్టగొడుగుల పొడి కొంచెం పెంచితే ఆ లోటు చాలావరకు తెలియదు. అజినమోటో వేయాలనుకుంటే అందులోనూ సోడియం ఉందని లెక్కలో వేసుకోండి. ఉప్పులో ఉన్నదానిలో మూడో వంతు ఉంటుంది.

ఇక ప్యాకెట్ మీద రాతల సంగతి. మన దేశపు నిబంధనల ప్రకారం పీచు ఉన్న ఆహారమని చెప్పుకోవాలంటే 100 గ్రాములకు కనీసం 3 గ్రాములు, పీచు అధికమని చెప్పుకోవాలంటే 6 గ్రాములు ఉండాలి. సోడియం తక్కువ అనాలంటే 100 గ్రాములకు 120 మిల్లీగ్రాములు మించకూడదు. ఏ సాసేజూ ఆ దరిదాపులకు రాదు. పోల్చదగిన మామూలు సరుకు కంటే కనీసం 25 శాతం తగ్గితే, తగ్గించామని చెప్పుకోవచ్చు. మీరు 140 గ్రాముల మెట్టుకు చేరితే లెక్క ప్రకారం ఆ అర్హత వస్తుంది. కాకపోతే కాగితం మీద వేసిన లెక్కతో అచ్చు వేయించకండి, గుర్తింపు పొందిన ల్యాబ్‌లో పరీక్ష చేయించిన తర్వాతే వేయించండి.

‘ఆరోగ్యకరమైన’ అనే మాట మాత్రం దయచేసి వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ప్రాసెస్ చేసిన మాంసాన్ని మనుషులలో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో, అంటే మొదటి వర్గంలో చేర్చింది. రోజుకు 50 గ్రాముల చొప్పున తింటే పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ అవకాశం సుమారు 18 శాతం పెరుగుతుందని అప్పుడు అంచనా వేశారు. ఇది తినని వారితో పోల్చి చెప్పిన పెరుగుదలే గాని, నూటికి 18 మందికి వస్తుందని కాదు. ఒకే వర్గంలో ఉన్నంత మాత్రాన పొగాకంత ప్రమాదమనీ కాదు. వర్గం చెప్పేది సాక్ష్యం ఎంత గట్టిదో తప్ప ప్రమాదం ఎంత పెద్దదో కాదు. నైట్రైట్ మానేయడం మంచిదే. అయినా ఉప్పు పట్టించి, నిల్వ కోసం మార్చిన మాంసం అనే నిర్వచనం నుంచి మీ సాసేజ్ బయటపడదు.

పీచు విషయంలోనూ అతిగా ఆశపడవద్దు. మనకు రోజుకు సుమారు 30 గ్రాముల పీచు కావాలి. రెండు సాసేజ్‌లలో 2 గ్రాములు చేరితే మంచిదే, కానీ ఒక జామకాయలో అంతకు రెట్టింపు ఉంటుంది. పీచు వల్ల మీకు కలిగే అసలు ప్రయోజనం వేరే ఉందని నా అభిప్రాయం. అది నీటిని పట్టి ఉంచడం వల్ల ఉప్పునూ నూనెనూ తగ్గించే వెసులుబాటు దొరుకుతుంది. మీ అత్తగారికి మేలు చేసేది ఆ తగ్గింపే. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉప్పే తినమంటున్నారు. మీ పాత సాసేజ్‌లు రెండు, అంటే 100 గ్రాములు, తింటే అందులో దాదాపు సగం అక్కడే అయిపోయేది.

జవాబు: నగెట్ల తయారీదారు, నల్లగొండ

అక్కా, నేను చేసేది నగెట్లు. పీచు కోసం నేను బత్తాయి తొక్క లోపలి తెల్లటి దూదిలాంటి పొరను వాడుతున్నాను. మా జిల్లాలో బత్తాయికి కొదవ లేదు కదా. స్పెయిన్‌లో పరిశోధకులు నిమ్మ తొక్కలోని తెల్లపొరను ఉడికించిన సాసేజ్‌లలో కలిపి చూశారనీ, అలా కలిపినప్పుడు సరుకులో మిగిలే నైట్రైట్ కూడా తగ్గిందనీ ఒక శిక్షణలో విని మొదలుపెట్టాను.

మొదటిసారి పచ్చిది ఎండబెట్టి పొడిచేసి వేశాను. వేపపుల్ల నమిలినంత చేదు వచ్చి ఐదు కిలోల సరుకు పారబోశాను. ఇప్పుడు పైన ఉన్న పసుపుపచ్చని పొరను పీలర్‌తో పూర్తిగా గీకేసి, తెల్లపొరను మాత్రం ముక్కలు చేసి, మరిగే నీటిలో ఐదు నిమిషాలు ఉడికించి ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త నీటిలో అలాగే ఇంకో రెండుసార్లు చేస్తాను. ఒక ముక్క నమిలి చూస్తే చేదు తగలకూడదు. తర్వాత పలచటి గుడ్డ కప్పి ఎండలో గలగలలాడేలా ఎండబెట్టి, మిక్సీ పట్టి జల్లిస్తాను. 10 కిలోలకు 150 గ్రాములు సరిపోతుంది. జ్యూస్ బండి దగ్గర కుప్పపోసిన తొక్కలు మాత్రం తేకండి. వాటి మీద ఈగలు, మందుల అవశేషాలు రెండూ ఉంటాయి.

ఇంకొక సంగతి, పండు గుజ్జు గానీ రసం గానీ కలపవద్దు. పులుపు తగిలితే, నిమ్మరసం పడిన పాలలాగా, మాంసం పట్టి ఉంచిన నీళ్లన్నీ వదిలేస్తుంది. ఇజ్జత్‌నగర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థ వారు 2010 ప్రాంతంలో నగెట్లలో ఉప్పు కొంత తీసేసి ఆపిల్ గుజ్జు కలిపి చూశారు. వాళ్ల దగ్గర పరికరాలు, కొలతలు పక్కాగా ఉంటాయి. నేను టమాటా గుజ్జుతో చేస్తే మాత్రం చెడిపోయింది.

జవాబు: తెలుగువాడు, లెస్టర్

ఉప్పు తగ్గించిన సంగతి కొన్నాళ్ల పాటు ఎవరికీ చెప్పకండి అని నా సలహా. ఇంగ్లండ్‌లో నేను ఒక మాంసం కర్మాగారంలో పనిచేస్తున్నాను. ఇక్కడ 2000ల నుంచి బ్రెడ్డు, సాసేజ్ వంటి ఆహారాలలో ఉప్పును ప్రభుత్వ లక్ష్యాల ప్రకారం ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చారు. అలవాటైన నాలుక చిన్న మార్పును గుర్తుపట్టదు. 2000ల మొదట్లో మనిషికి రోజుకు సగటున 9.5 గ్రాములున్న ఉప్పు వాడకం 2011 నాటికి 8.1 గ్రాములకు తగ్గిందంటే, అందులో ఈ నిశ్శబ్దపు తగ్గింపుదే పెద్ద పాత్ర. ‘ఉప్పు తక్కువ’ అని ముందే చీటీ అతికిస్తే మాత్రం తినేవాడు మొదటి ముక్కతోనే ‘చప్పగా ఉంది’ అంటాడు, తగ్గించకపోయినా అంటాడు.

ప్రశ్న అడిగినవారు, మూడు వారాల తర్వాత

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు చెప్పిన వరుస ప్రకారం మూడు బ్యాచ్‌లు చేశాను. అరచేతిని బోర్లించి చూసే పరీక్షలో మొదటి రోజు ముద్ద ధబ్బున నేల మీద పడింది. గిన్నెను ఫ్రీజర్‌లో పెట్టకపోవడమే కారణమని తర్వాత తెలిసింది. మరునాడు గిన్నె, బ్లేడు చల్లబరిచి, ముందు రాత్రే ఉప్పు పట్టించిన కీమాతో చేస్తే పడలేదు.

క్యూరింగ్ మిశ్రమం మానేశాను. 170 గ్రాముల ఉప్పు, 200 గ్రాముల గోధుమ పీచుతో చేసిన బ్యాచ్ 10 కిలోలకు 9 కిలోల 200 గ్రాములు తూగింది. ట్రేలో తడి తప్ప నీళ్లు లేవు. 150 గ్రాములతో 9 కిలోల 100. 140 గ్రాములతో బరువు దాదాపు అంతే వచ్చింది గానీ, శాండ్‌విచ్ కోసం పలచగా కోసినప్పుడు చక్రాల అంచులు చీలుతున్నాయని ఒక బేకరీ వారు తిప్పి పంపారు. అందుకని బేకరీలకు 150, ఇళ్లకు 140 చొప్పున చేస్తున్నాను. లెస్టర్ సోదరుడు చెప్పినట్లు ఎవరికీ చెప్పలేదు. రంగు పాలిపోయిందేమని నలుగురు అడిగారు, ఉప్పు గురించి మాత్రం ఒక్కరూ అడగలేదు. ఫ్రిజ్ ప్యాకెట్లు ఆపేసి, పాత ఫ్రీజర్ ఒకటి కొన్నాను. పొటాషియం వేయలేదు. ప్యాకెట్ మీద కొత్త మాట ఏదీ వేయలేదు. ల్యాబ్‌కు ఒక నమూనా పంపించాను, ఫలితం ఇంకా రాలేదు.

మా అత్తగారి కాగితంలో మాత్రం సాసేజ్ పేరు అలాగే ఉంది. వారానికి ఒకసారి, ఒకటే అని పక్కన రాసుకున్నారు. నల్లగొండ తమ్ముడు చెప్పిన బత్తాయి తెల్లపొరను ఈ రోజు పొద్దున్నే మూడు నీళ్లు మార్చి ఉడికించి డాబా మీద ఆరబెట్టాను. ఒక ముక్క నమిలి చూస్తే ఇంకా కొంచెం చేదు తగిలింది. తమ్ముడూ, నాలుగోసారి కూడా ఉడికించాలా, లేక ఎండితే ఆ చేదు పోతుందా?

జవాబు: నగెట్ల తయారీదారు, నల్లగొండ

ఎండితే పోదు అక్కా, ఇంకా గట్టిపడుతుంది. ఇప్పుడే దించి ఇంకొకసారి ఉడికించండి.